శిలాచక్రం బొమ్మను అక్షరాలా నమ్మితే వచ్చే చిక్కు

"అగ్నిశిల అవక్షేప శిలగా, అది రూపాంతర శిలగా, అదీ కరిగి మళ్లీ అగ్నిశిలగా మారుతుందని చదివాను, ప్రతి రాయీ ఈ వరుసలోనే తిరుగుతుందా?" అన్నది మీ ప్రశ్న. తిరగదు. భూగర్భశాస్త్రం చదువుకునే రోజుల్లో నేనూ ఆ గుండ్రటి బొమ్మను నమ్మినవాడినే; నమ్మకం సడలడానికి ఒక ప్రయోగ పరీక్షలో మార్కులు పోగొట్టుకోవలసి వచ్చింది.

ఆ పరీక్షలో నా ముందు పెట్టిన లేత గులాబీరంగు రాయిలో రేణువులు కనిపించగానే ఇసుకరాయి అని రాసేశాను. అది క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి మారగా ఏర్పడే రూపాంతర శిల. తరువాత మా అధ్యాపకులు రెండు రకాల రాళ్లనూ పక్కపక్కన పెట్టి, విరిగిన అంచులను భూతద్దంతో చూడమన్నారు. ఇసుకరాయిలో పగులు రేణువుల చుట్టూ తిరిగి వెళ్లింది కనుక అంచు గరగరలాడింది, నాలుగైదు రేణువులు రాలి వేలికి అంటుకున్నాయి కూడా. క్వార్ట్‌జైట్‌లో పగులు రేణువులను చీల్చుకుంటూ నేరుగా పోయింది. అంచు గాజుపెంకులా మెరిసింది. లోతున ఉన్న వేడికి, ఒత్తిడికి ఇసుక రేణువులు మళ్లీ స్ఫటికాలుగా పెరిగి ఒకదానిలో ఒకటి పెనవేసుకుపోవడమే ఇందుకు కారణం. ఇంత జరిగినా ఆ రాయి ఎక్కడా కరగలేదు. రూపాంతరం ఘనస్థితిలోనే జరుగుతుంది. కరిగి, చల్లారి గట్టిపడినది అగ్నిశిలే అవుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఖండాల పైపొరలో లోతుకు వెళ్లేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి పెరుగుతుంది. దాదాపు 200 డిగ్రీల దగ్గర రూపాంతరం మొదలై, బంకమన్ను గట్టిపడిన షేల్ మొదట పలకరాయిగా, తరువాత అభ్రకం మెరిసే షిస్ట్‌గా, ఇంకా లోతున చారల నైస్‌గా మారుతుంది. నీరు అందుబాటులో ఉంటే 650-700 డిగ్రీలకే గ్రానైట్ వంటి శిల కరగడం మొదలుపెడుతుంది. అయితే కరగడానికి వేడి పెరిగి తీరాలన్న నియమం లేదు: సముద్రగర్భంలోని పర్వతశ్రేణుల కింద పైకి లేచే మాంటిల్ (భూమి పైపొరకు దిగువనున్న మందపాటి పొర) శిల, మీది ఒత్తిడి తగ్గడం వల్లనే కొంతమేర కరిగి, బసాల్ట్ అనే నల్లటి అగ్నిశిలగా గట్టిపడుతుంది.

నేలపైన జరిగేది అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని స్వల్పంగా ఆమ్లమైన వాననీరు గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని బంకమన్నుగా మారుస్తుంది. మొండిదైన మరో ఖనిజం క్వార్ట్‌జ్ ఇసుకగా మిగులుతుంది. ఏరు ఈ రెంటినీ వేరుచేసి వేర్వేరు చోట్ల పేరుస్తుంది; ఆ పేరుకున్నవి గట్టిపడితే అవక్షేప శిల.

ఇక వరుస సంగతి. గ్రానైట్ అవక్షేపంగా మారకుండానే లోతుకు కూరుకుపోయి నైస్ కావచ్చు. అవక్షేప శిల కరగకుండానే మళ్లీ అవక్షేపం కావచ్చు. దీనికి నాకు తెలిసిన చక్కటి సాక్ష్యం స్కాట్లాండ్ తీరంలోని సిక్కర్ పాయింట్, 1788లో భూగర్భశాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ పడవలో వెళ్లి చూసిన చోటు. అక్కడ పాత అవక్షేప పొరలు దాదాపు నిట్టనిలువుగా లేచి, పైభాగం కోసుకుపోయి ఉంటాయి; వాటి మీద ఎర్ర ఇసుకరాయి పొరలు ఏటవాలుగా పరుచుకుని ఉంటాయి. ఈ కొత్త పొరల అడుగున పాత రాళ్ల ముక్కలే పొదిగి కనిపిస్తాయి. రెంటి మధ్య ఆరు కోట్ల ఏళ్లకు పైగా ఎడం ఉంది.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ కథ ఇంకా విచిత్రమైనది. అక్కడ సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి గులకరాళ్ల శిలలో దొరికిన జిర్కాన్ అనే గట్టి ఖనిజపు రేణువుల్లో కొన్ని 440 కోట్ల ఏళ్ల నాటివి. శిలాద్రవంలో పుట్టిన ఆ స్ఫటికాలు తల్లిశిల శిథిలమైపోయాక ఏటిపాలై, గులకరాళ్ల మధ్య చేరి, ఆ తరువాత ఆ శిలతోపాటే రూపాంతరాన్నీ తట్టుకున్నాయి. తల్లిశిల మాత్రం ఇప్పటికీ ఎక్కడా దొరకలేదు.