కొత్త కాలేజీలో నా ఆటిజం గురించి చెప్పాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 15 ఏళ్లు. హనుమకొండలో పదో తరగతి చదువుతున్నాను. నాకు ఆటిజం ఉందని ఏడో తరగతిలో తెలిసింది. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 50 శాతం అని రాశారు. లెక్కలంటే ఇష్టం. ఆరో తరగతి నుంచి మా డాబా మీద సీసా పెట్టి వాన కొలిచి పుస్తకంలో రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు పుస్తకాలు నిండాయి. పెద్దయ్యాక వర్షపాతం లెక్కలు చూసే ఉద్యోగం చేయాలని ఉంది. నాన్న హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న పెద్ద కాలేజీలో ఎంపీసీలో చేర్పిస్తానంటున్నారు. స్టీలు కంచాల చప్పుడు, ఒకేసారి చాలామంది మాట్లాడటం నేను భరించలేను. చెవులు మూసుకుంటాను. అమ్మ "కొత్త కాలేజీలో ఎవరికీ చెప్పొద్దు, మామూలుగా ఉండు" అంటోంది. మామూలుగా ఎలా ఉండాలో నాకు తెలియదు. చెప్పాలా, వద్దా? హాస్టల్‌కు వెళ్లాలా?
- ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: తల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "మామూలుగా ఎలా ఉండాలో నాకు తెలియదు" అన్నచోట మూడుసార్లూ ఆగిపోయాను. పాతికేళ్లుగా ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెబుతున్నాను. మా అబ్బాయికీ ఆటిజం ఉంది. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. అందుకని ఈ జవాబు కొంత టీచరుగా, కొంత తల్లిగా రాస్తున్నాను.

ముందు హాస్టల్ సంగతి. వద్దు. కనీసం ఇంటర్ రెండేళ్లూ వద్దు. పొద్దున లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ ముగిసేదాకా అక్కడ నువ్వు ఒంటరిగా ఉండే అరగంట కూడా దొరకదు. నీకు చప్పుడు వల్ల వచ్చే అలసట నిద్రతో తీరేది కాదు. తలుపు వేసుకుని కాసేపు ఎవరూ పలకరించకుండా ఉంటే తీరుతుంది. ఆ తలుపు మీ ఇంట్లో ఉంది. నాన్నగారు ఈ జవాబు చదువుతారని అనుకుంటూ ఆయనకూ ఒక మాట: అయ్యా, ఆ కాలేజీకి అడ్మిషన్ల గదిలో మాట్లాడటానికి వెళ్లకండి. మధ్యాహ్నం భోజనాల వేళ అమ్మాయిని తీసుకుని వెళ్లండి. మెస్‌లో ఒక పావుగంట నిలబడండి. అప్పుడు అమ్మాయి ముఖం చూడండి. ఫీజు మాట ఆ తర్వాత.

గ్రూపు విషయంలో మాత్రం నాన్నగారితో ఏకీభవిస్తాను. వాతావరణం, వర్షపాతం వైపు వెళ్లాలంటే లెక్కలతో పాటు ఫిజిక్స్ కూడా కావాలి, కాబట్టి ఎంపీసీ సరైనదే. అక్కడి నుంచి బీఎస్సీ చదవవచ్చు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రానికి, సముద్ర శాస్త్రానికి కలిపి ఒక విభాగమే ఉంది. అది ఇంకా అయిదేళ్ల తర్వాతి మాట, ఇప్పటికి తెలిసి ఉంటే చాలు. అన్నట్టు, భారత వాతావరణ శాఖ ఏ రోజు వాననైనా ఉదయం 8:30కి కొలిచి లెక్క కడుతుంది. నువ్వు ఏ వేళకు కొలుస్తున్నావు? రోజూ అదే వేళకు కొలిస్తే నీ పుస్తకాల్లోని అంకెలను వాళ్ల అంకెల పక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇక అసలు ప్రశ్న. చెప్పాలి. అయితే అందరికీ కాదు. ప్రిన్సిపాల్‌కు, మీ క్లాస్ ఇన్‌చార్జికి చెప్పాలి. తోటి పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా నీ ఇష్టం, ఒక్క స్నేహితురాలికే చెప్పినా సరే, ఎవరికీ చెప్పకపోయినా సరే. మీ అమ్మగారి భయం నాకు బాగా తెలుసు. మా అబ్బాయిని చేర్పించడానికి వెళ్లినప్పుడు ఒక కాలేజీలో సీట్లున్నాయని కూర్చోబెట్టి, సర్టిఫికెట్ చూడగానే సీట్లు నిండిపోయాయన్నారు. ఆటోలో ఇంటికి వస్తూ ‘చెప్పకుండా ఉండాల్సింది’ అని నేనూ అనుకున్నాను. తర్వాత చేరిన చిన్న కాలేజీలో మాత్రం ప్రిన్సిపాల్ గారు మావాడితోనే మాట్లాడారు. "నీకు ఏది ఇబ్బంది బాబూ?" అన్నారు. మావాడు చాలాసేపు ఆలోచించి "మీ గంట" అన్నాడు. ఆఫీసు పక్క గోడకు వేలాడదీసిన ఇనుప పట్టా మీద అటెండర్ సుత్తితో కొడతాడు, అదీ గంట. మావాడిని ఆ గోడకు దూరంగా ఉన్న సెక్షన్‌లో వేశారు. గంట కొట్టడానికి నిమిషం ముందు చెవులు మూసుకోవచ్చని, ఎవరూ ఏమీ అనకూడదని లెక్చరర్లకు చెప్పారు. రూపాయి ఖర్చు లేదు. మేం చెప్పకపోయి ఉంటే అదే పిల్లవాడు క్లాసులో చెవులు మూసుకున్నందుకు రోజూ తిట్లు తినేవాడు.

మొదటి కాలేజీ వాళ్లు చేసింది తప్పని అప్పట్లో నాకు గట్టిగా తెలియదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, విద్యార్థి అవసరానికి తగ్గ ఏర్పాట్లు చేయాలని 16వ సెక్షన్ చెబుతోంది. ప్రైవేటు కాలేజీకైనా గుర్తింపు ఇచ్చేది ప్రభుత్వమే కదా. రేపు డిగ్రీకి వెళ్లినప్పుడు అదే చట్టం 32వ సెక్షన్ కింద ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు దివ్యాంగులకు ఉంటాయి. 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది కాబట్టి నీకూ వర్తిస్తుంది.

చెప్పేటప్పుడు నోటితో చెప్పడం కష్టమైతే రాసి ఇవ్వు. నువ్వు బాగా రాస్తావు, ఈ ఉత్తరమే సాక్ష్యం. ఒక పేజీ మించకుండా, నీ మాటల్లోనే రాయి. "నాకు ఆటిజం ఉంది. పెద్ద చప్పుళ్లు వచ్చినప్పుడు చెవులు మూసుకుంటాను, అప్పుడు కూడా పాఠం వింటూనే ఉంటాను. హఠాత్తుగా లేపి ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా మాట రాదు, రాసి చూపించగలను. టైమ్‌టేబుల్ మారితే ముందు రోజు చెప్పండి. చాలా అలసిపోతే పది నిమిషాలు లైబ్రరీలో కూర్చోనివ్వండి." ఇందులో నీకు వర్తించనివి తీసెయ్యి, వర్తించేవి కలుపు. అమ్మానాన్నలు రాసి పెడతామన్నా వద్దను. వాళ్లు రాస్తే అందులో వాళ్ల దిగులు కూడా వచ్చి చేరుతుంది.

పరీక్షల సంగతి మాత్రం ఆలస్యం చేయకూడదు. పబ్లిక్ పరీక్ష ఫీజు కట్టే రోజుల్లోనే మీ హెడ్‌మాస్టర్ గారిని కలిసి, సదరం సర్టిఫికెట్ నకలు ఇచ్చి, నీకు ఏ రాయితీలు వర్తిస్తాయో అడిగి దరఖాస్తు పంపించమను. కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. అంటే మూడు గంటల పరీక్షకు గంట. మంజూరు కాగితం చేతికి వచ్చాక దాన్ని హాల్‌టికెట్‌తో పాటు ప్రతి పరీక్షకూ తీసుకెళ్లు. హక్కు ఉన్నంత మాత్రాన పరీక్ష గదిలో ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలిసి ఉండాలని లేదు. నీట్ రాసిన ఒక అమ్మాయికి రావాల్సిన అదనపు గంట ఇవ్వకుండా పరీక్ష కేంద్రంలో జవాబుపత్రం లాక్కున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ అమ్మాయికి అన్యాయం జరిగిందని 2021 నవంబరులో కోర్టు చెప్పింది. నీకు కోర్టు దాకా పోయే అవసరం రాకూడదు, అందుకే కాగితం చేతిలో ఉండాలి.

సంక్రాంతి సెలవుల తర్వాత మీ ఊళ్లోనే రెండు మూడు కాలేజీలు చూడు. ఫ్లెక్సీ మీద ర్యాంకులు చదవడం కాదు, ఒక్కో క్లాసులో ఎంతమందిని కూర్చోబెడుతున్నారో లెక్కపెట్టు. కెమిస్ట్రీ ల్యాబ్‌లోకి వెళ్లి వాసన భరించగలవేమో చూసుకో. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ పడుతుందా, నీళ్లు వస్తున్నాయా చూడు. నెలసరి రోజుల్లో నీకు అదే అన్నిటికన్నా పెద్ద విషయం అవుతుంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. కాలేజీ ఖాయమయ్యాక వేసవిలో ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి వెళ్లి నీ గది ఎక్కడో చూసిరా. మా అబ్బాయి మే నెలలో వాచ్‌మన్‌ను అడిగి లోపలికి వెళ్లి, మూడో బెంచీలో కిటికీ పక్కన ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. ఫ్యాన్ టక్ టక్ అంటోందని చూసి అయిదో బెంచీకి మారాడు. జూన్‌లో క్లాసులు మొదలైన రోజు నేరుగా వెళ్లి అక్కడే కూర్చున్నాడు.

బస్సు కూడా ఇప్పుడే అలవాటు చేసుకో. మొదట అమ్మతో, తర్వాత అమ్మ వెనుక సీట్లో ఉండగా, ఆ తర్వాత ఒక్కదానివే. బస్సు రాకపోతే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఒక చీటీ మీద రాసి పెన్సిల్ పెట్టెలో పెట్టుకో.

నీ గురించిన ఆ ఒక్క పేజీ ఈ వారమే రాయడం మొదలుపెట్టు. పూర్తయ్యాక అమ్మకు చదివి వినిపించు, తర్వాత ఒక నకలు నాకు పంపు. ఏ వాక్యమైనా కాలేజీ వాళ్లకు సరిగ్గా అర్థం కాదనిపిస్తే పక్కన గుర్తు పెట్టి తిరిగి పంపిస్తాను.