మోకాళ్ల నొప్పి, షుగర్ ఉన్నాయి.. ట్రెడ్‌మిల్ కొనొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా వయసు 52, బరువు 88 కిలోలు. కొన్నేళ్లుగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. మెట్లు దిగుతుంటే మోకాళ్లు నొప్పి. వానలు మొదలైతే వాకింగ్ ఆగిపోతోంది. ట్రెడ్‌మిల్ కొందామని మా అబ్బాయి అంటున్నాడు. కొనొచ్చా? - ఓ పాఠకురాలు

డాక్టర్ సలహా: కొనొచ్చు. కానీ నన్నడిగితే మీకు వీపు ఆనించుకునే సీటున్న ఎక్సర్‌సైజ్ సైకిలే నయం. నడిచేటప్పుడు ఒంటి బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. సైకిల్‌పై అందులో చాలా భాగం సీటే మోస్తుంది. పెడల్ దూరంగా వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేలా సీటు జరుపుకోండి. మరీ దగ్గరగా ఉంటే నొప్పి పెరుగుతుంది.

అబ్బాయి ట్రెడ్‌మిలే కావాలంటే షాపులో 'పీక్' హెచ్‌పీ కాదు, 'కంటిన్యూయస్' హెచ్‌పీ ఎంతో అడగమనండి. పీక్ అంటే మోటారు కాసేపు మాత్రమే ఇవ్వగల శక్తి. 110 కిలోలైనా మోసే మిషన్ చూడండి. కొనేముందు మీరే ఎక్కి పది నిమిషాలు నడవండి. శ్రీకాకుళంలో కొంటే రిపేరుకు మెకానిక్ ఒడిశా దాకా వస్తాడో లేదో డబ్బు కట్టకముందే తేల్చుకోండి.

ఇంట్లోనే కదా అని చాలామంది ఉత్తకాళ్లతో ఎక్కేస్తారు. షుగర్ ఉన్నవాళ్లు ఆ పని అస్సలు చేయొద్దు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే బెల్ట్ రాపిడికి చర్మం లేచిపోయినా తెలియదు. సాక్సు, షూ వేసుకోండి. దిగాక అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. చీర కుచ్చిళ్లతో, చున్నీతో మిషన్ ఎక్కొద్దు. జారిపడితే మిషన్‌ను ఆపేసే సేఫ్టీ క్లిప్ బట్టలకు తగిలించుకోవాల్సిందే.

మీ మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటిది ఉంటే వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు. ముందు చూసుకుని, 100 కన్నా తక్కువుంటే ఓ అరటిపండు తినండి. ఒకసారి బీపీ, ఈసీజీ కూడా చూపించుకోండి. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా వారానికి 150 నిమిషాలకు చేరండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత వేగం చాలు. ఛాతీలో బరువుగా అనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

మిషన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. కుర్చీలో కూర్చుని ఒక కాలు చాపి, ఐదు సెకన్లు అలాగే బిగించి ఉంచి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున, సాయంత్రం. తొడ కండరం గట్టిపడితే మెట్లు దిగేటప్పుడు నొప్పి తగ్గుతుంది.