పాత మారుతి 800 డ్రైవర్ సీటు: కవర్ ఒక్కటే మారిస్తే చాలదు

మీ పాత మారుతి 800లో డ్రైవర్ సీటు డోర్ వైపు అంచు చిరిగి స్పాంజి బయటికొచ్చింది, పైన రెడీమేడ్ కవర్ తొడిగితే సరిపోతుందా అని అడిగారు కదండీ. సరిపోదు. నేనూ మొదట అదే చేశాను. రెండు నెలలకే కవర్ ఆ గుంటలోకి జారి ముడతలు పడింది, నడుం నొప్పి మాత్రం అలాగే ఉంది.

ఎక్కి దిగిన ప్రతిసారీ మన తొడ రాసుకునేది ఆ అంచుకే. లోపల ఫోమ్ నలిగి పొడి అయిపోతే పైబట్టకు ఆధారం ఉండదు, చిరుగుతుంది. అందుకే ముందు ఫోమ్ సంగతి చూడండి. సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాల బోల్టులు విప్పి సీటు బయటికి తీయండి (తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40 కొట్టి ఉంచండి). కవర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ఇనుప రింగుల్ని కటింగ్ ప్లేయర్‌తో తుంచేయండి. నలిగిన మేరకు కోసేసి, 40 డెన్సిటీ (గట్టి రకం) ఫోమ్ ముక్కను ఫెవికాల్ ఎస్ఆర్ 998 అనే రబ్బరు జిగురుతో అతికించండి. అతుక్కునే రెండు ముఖాలకూ పలుచగా రాసి, వేలికి అంటనంత ఆరాకే నొక్కాలి. నేను తొందరపడి తడిగా ఉన్నప్పుడే నొక్కితే మర్నాటికి ఊడి చేతికొచ్చింది.

పాత కవర్ పారేయకండి. కుట్లు విప్పితే ఆ ముక్కలే కొత్త రెగ్జిన్‌కు కొలతలు. కుట్టడం ఇంటి మిషన్ వల్ల కాదు, ఆటో సీట్లు కుట్టేవాళ్లకు ఇవ్వండి. దారం నైలాన్‌దే వాడమనండి, నూలు దారం చెమటకు పుచ్చిపోతుంది. తొడిగే ముందు రెగ్జిన్‌ను అరగంట ఎండలో పెడితే మెత్తబడి, లాగినట్టల్లా వస్తుంది.