వర్సిటీ ఐస్ హాకీ జట్టు కావాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను అమెరికాలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుణ్ణి. విద్యార్థులే నడుపుకునే మా క్లబ్ ఐస్ హాకీ జట్టును, కళాశాల క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడే వర్సిటీ జట్టుగా, అంటే విశ్వవిద్యాలయ అధికారిక జట్టుగా మార్చాలన్న ప్రతిపాదనను పరిశీలించే సంఘంలో నన్ను సభ్యుడిగా వేశారు. మొదటి అయిదేళ్ళ పాటు కోచ్‌ల జీతాలు, స్కాలర్‌షిప్పులు తాను భరిస్తానని ఒక పూర్వ విద్యార్థి ముందుకు వచ్చారు. ఆటలు ఊళ్ళోని పురపాలక రింక్‌లో (మంచు మైదానంలో) ఆడుకోవచ్చుననీ, చాలని సొమ్మును విద్యార్థుల క్రీడా రుసుము పెంచి రాబట్టవచ్చుననీ క్రీడా విభాగం చెబుతోంది. క్లబ్ ఆటలకు జనం బాగానే వస్తారు. నేను ఒప్పుకోవాలా, వద్దా?
– ఒక అధ్యాపకుడు

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి, ఈ ప్రతిపాదనను ఇప్పుడున్న రూపంలో ఒప్పుకోవద్దనే చెబుతాను. నాకు ఈ ఆట అంటే ఎంతో ఇష్టం. కానీ ఆర్భాటంగా మొదలైన జట్టును కొన్నేళ్ళకే మూసివేస్తే, ఆ విశ్వవిద్యాలయాన్ని నమ్మి దూర ప్రాంతాల నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్లలు చదువు మధ్యలో మరో చోటు వెతుక్కోవలసి వస్తుంది. అందువల్ల మొదటి ఏడాది ఎలా గడుస్తుందన్న లెక్క కంటె పదో ఏడాది ఖర్చు ఎవరు భరిస్తారన్న లెక్కను మీరు ముందుగా అడగాలి.

ఈ విషయంలో అందరూ పెన్ స్టేట్ విశ్వవిద్యాలయాన్ని ఉదాహరణగా చూపుతారు. మీ సంఘంలోనూ ఆ పేరు వినిపించే ఉంటుంది. అక్కడ 2010లో పూర్వ విద్యార్థి టెర్రీ పెగులా, ఆయన భార్య కిమ్ 8.8 కోట్ల డాలర్లు ప్రకటించారు, తరువాత ఆ మొత్తాన్ని 10.2 కోట్లకు పెంచారు. ఆ డబ్బుతో పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ 2012–13లో మొదలయ్యాయి, మరుసటి ఏడాదికి సొంత అరీనా తెరుచుకుంది. పురుషుల జట్టు చేరడంతో బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో (కలిసి పోటీలు నడుపుకునే విశ్వవిద్యాలయాల కూటమిలో) హాకీ ఆడే విశ్వవిద్యాలయాలు ఆరు అయ్యాయి. జాతీయ టోర్నమెంటులో నేరుగా చోటు పొందాలంటే ఒక కాన్ఫరెన్స్‌కు కనీసం ఆరు జట్లు ఉండాలి కనుక, 2013–14 నుంచి బిగ్ టెన్ తన సొంత హాకీ పోటీని నడపగలిగింది. అంటే పెన్ స్టేట్‌కు సొమ్ము, మంచు, ఆడేందుకు కాన్ఫరెన్స్ మూడూ దాదాపు ఒకేసారి అమరాయి. 2025లో ఆ పురుషుల జట్టు ఫ్రోజెన్ ఫోర్‌కు, అంటే జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్ల దశకు చేరిందంటే దాని వెనుక ఈ పునాది ఉంది. మీ ప్రతిపాదనలో ఈ మూడింటిలో ఒక్కటీ పూర్తిగా లేదు.

అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం దారి వేరు. మీ పరిస్థితికి అది కొంత దగ్గరగా ఉంటుంది. 3 కోట్ల 20 లక్షల డాలర్ల విరాళాలతో 2014లో ప్రకటన చేసి, 2015లో ఆట మొదలుపెట్టి, 2022లో ముల్లెట్ అరీనా సిద్ధమయ్యేదాకా వారు ఊళ్ళోని ఒక చిన్న రింక్‌లోనే నెట్టుకొచ్చారు. ఎన్‌సీహెచ్‌సీ అనే కాన్ఫరెన్స్‌లో ఆడటం 2024–25లో మొదలైంది. అంతదాకా ఏ కాన్ఫరెన్స్ లేకుండా, ఏటికేడు ప్రత్యర్థులను వెతుక్కుంటూ, తరచూ పరాయి ఊళ్ళలో ఆడారు. అన్నేళ్ళ ఓపికకు తగిన నిధులు వారి దగ్గర ఉన్నాయి. అయిదేళ్ళకే పరిమితమైన విరాళంతో అదే దారి పట్టడం సాహసమే అవుతుంది.

కాన్ఫరెన్స్ లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే హంట్స్‌విల్‌లోని అలబామా విశ్వవిద్యాలయాన్ని చూడాలి. 1996లోనూ 1998లోనూ డివిజన్ టూ జాతీయ విజేతగా నిలిచిన జట్టు అది. 2020 మే నెలలో విశ్వవిద్యాలయం జట్టును రద్దు చేస్తే, పూర్వ విద్యార్థులూ అభిమానులూ కొద్ది రోజుల్లోనే విరాళాలు పోగుచేసి నిలబెట్టారు. అయినా చేర్చుకునే కాన్ఫరెన్స్ దొరకక 2021లో ఆట ఆగిపోయింది. ఆ ఊరి అభిమానంలో లోపమేమీ లేదు. చుట్టుపక్కల ఆడే విశ్వవిద్యాలయాలు లేకపోవడం, దూర ప్రయాణాల భారాన్ని ఇతర జట్లు పంచుకోవడానికి ఇష్టపడకపోవడం ఆ జట్టును దెబ్బతీశాయి. యాంకరేజ్‌లోని అలాస్కా విశ్వవిద్యాలయం కూడా 2020లో జట్టును తీసివేయబోయి, రెండేళ్ళ ఖర్చుకు సరిపడేలా 30 లక్షల డాలర్లు సమకూరిస్తేనే ఉంచుతామంది. జనం ఆ మొత్తాన్ని కూడగట్టాక 2022–23లో ఆట తిరిగి మొదలైంది. 2021లో పురుషుల, మహిళల జట్లు రెండింటినీ ఒక్క ప్రకటనతో మూసివేసిన రాబర్ట్ మోరిస్ విశ్వవిద్యాలయం 2023–24లో వాటిని మళ్ళీ మంచు మీదికి తెచ్చింది. తిరిగి తెచ్చినందుకు సంతోషమే. కానీ మధ్యలో చెదిరిపోయిన ఆటగాళ్ళకు ఆ సంవత్సరాలు తిరిగి రావు.

రింక్ సంగతిని మీ క్రీడా విభాగం తేలికగా తీసుకున్నట్టుంది. కాంక్రీటు గచ్చులో అమర్చిన గొట్టాల గుండా చల్లార్చిన ఉప్పునీటిని నిరంతరం తిప్పుతూ, దాని మీద సుమారు ఒక అంగుళం మందాన మంచును నిలబెట్టాలి. ఆ మంచు పాడుకాకుండా గాలిలోని తేమను తీసే యంత్రాలు నడవాలి. ఆట ఉన్నా లేకపోయినా ఈ ఖర్చు ఆగదు. అద్దె రింక్ అయితే ఈ భారం మీది కాదు, నిజమే. కానీ పిల్లల శిక్షణ తరగతులు, ఊరి లీగులు పోగా మిగిలిన వేళల్లోనే మీకు మంచు దొరుకుతుంది. డివిజన్ వన్ పురుషుల జట్టు ఒక సీజన్‌లో 34 ఆటల దాకా ఆడవచ్చు, దానికి తగినంత సాధనా కావాలి. తెల్లవారుజామునో అర్ధరాత్రో దొరికే మంచు మీద ఆ స్థాయి సాధన సాగదు. ఆ వేళలు చూసిన మంచి ఆటగాళ్ళు మీ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోరు.

ఖర్చుల లెక్క కూడా ఇటీవల మారింది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన హౌస్ కేసు (కళాశాల క్రీడాకారులకు చెల్లింపుల మీద నడిచిన దావా) ఒప్పందం ప్రకారం, అందులో చేరిన విశ్వవిద్యాలయాలు 2025–26లో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా క్రీడాకారులకు చెల్లించవచ్చు. వాటికి హాకీలో 18 స్కాలర్‌షిప్పుల పాత పరిమితి పోయి, జట్టులో 26 మంది అన్న పరిమితి వచ్చింది. వారందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వగలిగిన జట్లతో మీ జట్టు పోటీపడవలసి ఉంటుంది. మీ దాత చెప్పిన అంకె పాత పరిమితి మీద వేసినదా, కొత్త పరిమితి మీద వేసినదా అని తప్పక అడగండి.

ఇక రుసుము పెంపు నాకు అన్నిటికంటె బాధ కలిగించే అంశం. అప్పు చేసి చదువుకునే విద్యార్థి, ఒక్క ఆటైనా చూడని విద్యార్థి, ఆ భారాన్ని మోయాలి. అలా చేయక తప్పదనుకుంటే ముందుగా విద్యార్థుల చేత ఓటింగ్ జరిపించడం కనీస న్యాయం. ఏటేటా వచ్చే వడ్డీతో జట్టు నడిచేలా శాశ్వత నిధి ఏర్పడి, ఒక కాన్ఫరెన్స్ లిఖితపూర్వకంగా చోటిస్తామని చెప్పి, మంచు వేళలు ఒప్పందంగా చేతికి వచ్చిన రోజున మీరు సంతోషంగా చెయ్యెత్తవచ్చు. అప్పటిదాకా ఆ దాత సొమ్ములో చిన్న భాగంతో క్లబ్ జట్టుకు మంచి కోచ్‌ను, గాయాలు చూసుకునే నిపుణుణ్ణి, భద్రమైన ప్రయాణ ఏర్పాట్లను సమకూర్చమని సూచించండి. కళాశాల క్లబ్ హాకీ జట్ల సంఘమైన ఏసీహెచ్ఏ నడిపే పోటీలు తక్కువ స్థాయివి కావు. వర్సిటీ కాకముందు పెన్ స్టేట్ క్లబ్ జట్టు కూడా అక్కడే జాతీయ విజేతగా పేరు తెచ్చుకుంది.

ప్రశ్న: పురుషుల జట్టుకు మాత్రమే విరాళం వచ్చినప్పుడు, మహిళల జట్టును తరువాత చూసుకోవచ్చునా?
– క్రీడా విభాగంలో పనిచేసే ఒక పాఠకురాలు

జవాబు: విరాళం ప్రైవేటుదైనంత మాత్రాన చట్టం వర్తించకుండా పోదు. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కింద, విద్యార్థుల్లో స్త్రీ పురుషుల నిష్పత్తికి తగినట్టు క్రీడావకాశాలు ఉన్నాయని గాని, తక్కువ అవకాశాలున్న వారికి వాటిని వరుసగా పెంచుకుంటూ వస్తున్నామని గాని, వారి ఆసక్తిని పూర్తిగా తీరుస్తున్నామని గాని విశ్వవిద్యాలయం చూపాలి. కొత్తగా 26 మంది పురుషులను చేర్చుకుంటే మొదటి లెక్క వెంటనే ఒరిగిపోతుంది. దాన్ని సరిచేయడానికి ఉన్న పురుషుల ఆటలలో ఒకదాన్ని తీసివేయడం కుస్తీ, ఈత వంటి క్రీడల వారికి అన్యాయం చేయడమే. రెండు హాకీ జట్లనూ కలిపి ప్రతిపాదించమని దాతను గట్టిగా కోరండి. రింక్, మంచు, యంత్రాలు ఎలాగూ ఇద్దరికీ అవే కనుక రెండో జట్టుకు అరీనా ఖర్చు మళ్ళీ పెట్టనక్కరలేదు. జీతాలు, ప్రయాణాలు, స్కాలర్‌షిప్పులు మాత్రం పూర్తిగా లెక్కలో వేయాలి.

ప్రశ్న: నేను క్లబ్ జట్టులో రెండో ఏడాది ఆడుతున్నాను. వర్సిటీ జట్టు వస్తే మాకు అందులో చోటు దొరుకుతుందా?
– ఒక విద్యార్థి

జవాబు: ఒకరిద్దరికి దొరకవచ్చు, ఎక్కువ మందికి దొరకదు. డివిజన్ వన్ జట్లలో చేరేవారు సాధారణంగా జూనియర్ లీగులలో కొన్నేళ్ళు ఆడి, ఇరవై, ఇరవై ఒకటో ఏట కళాశాలకు వస్తారు. కెనడాలోని ప్రధాన జూనియర్ లీగుల ఆటగాళ్ళకు కూడా 2025 ఆగస్టు నుంచి కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ తలుపు తెరిచింది కనుక పోటీ ఇంకా పెరిగింది. వర్సిటీ వచ్చినా క్లబ్ జట్టును కొనసాగిస్తామనీ, దాని మంచు వేళలను తగ్గించబోమనీ ప్రతిపాదనలోనే రాయించమని మీ జట్టంతా కలిసి, నిర్ణయం వెలువడకముందే సంఘానికి అర్జీ పెట్టుకోండి.