మొదటి రైఫిల్ .223 కొనండి, షాపులో ఏం చెప్పినా సరే

మెల్‌బోర్న్ అవతల 40 ఎకరాలు కొన్నాం, ముప్పై గొర్రెలున్నాయి, నక్కలతో వేగలేకపోతున్నాం, మొదటి సెంటర్‌ఫైర్‌గా (చిన్న .22 కంటే బలమైన తూటాలు కాల్చే రైఫిల్) .223, .22-250, .243 అనే తూటా రకాలలో ఏది తీసుకోవాలి అని అడిగారు. 40 ఎకరాలు కొన్నారంటే నక్క తోక తొక్కారని ఊళ్లో అనుకుంటూ ఉంటారు, ఇక్కడేమో ఆ నక్కే వచ్చి మీ గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతోంది.

.223 తీసుకోండి. నేను తీసుకోలేదు కాబట్టి చెబుతున్నాను.

మేముండేది విక్టోరియా రాష్ట్రంలో పడమటి వైపు. లైసెన్సు వచ్చాక, మొదటి తుపాకి పర్మిట్ కోసం ఇక్కడ తప్పనిసరిగా ఆగాల్సిన 28 రోజులూ ఆగి (ఇంత లోపల మా బావమరిది వాట్సాప్‌లో రోజూ సినిమా డైలాగులు పంపేవాడు), షాపుకెళితే అక్కడతను ".243 తీసుకో, నక్కకీ పనికొస్తుంది, రేపు జింకల వేటకీ పనికొస్తుంది" అన్నాడు. ఒక దెబ్బకు రెండు పిట్టలు కదా అని సరేనన్నాను. నాలుగేళ్లయింది, ఒక్క జింక వెంట కూడా పోలేదు. పైగా అతను అంటగట్టిన తూటాలు 100 గ్రెయిన్లవి (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత), జింకల కోసం చేసినవి. ఐదారు కిలోల నక్కకు అవెందుకు? ఖరీదు చూసి గుండె ఆగింది, అందుకే ప్రాక్టీసుకని పది తూటాలకు మించి కాల్చలేదు. తప్పంతా అక్కడే జరిగింది.

జూలై, గొర్రెలు ఈనుతున్న రోజులు. మూడు రోజుల్లో నాలుగు పిల్లలు పోయాయి, ఒకదాన్నయితే తల్లి ఇంకా నాకుతూనే ఉంది, ఆ పిల్లకు నాలుక లేదు. పక్క పొలం పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, తన యూట్‌లో (వెనక తెరిచి ఉండే చిన్న ట్రక్కు) నన్ను ఎక్కించుకుని రాత్రి డ్యామ్ (పొలంలో నీటి గుంట) పక్కన ఆపాడు. వేళ్లు కొంకర్లు పోయే చలి. రేకు ముక్క మడిచి చేసిన చిన్న ఈల పళ్ల మధ్య పెట్టుకుని కుందేలు అరిచినట్టు ఊదాడు. రెండు నిమిషాలకు స్పాట్‌లైట్‌లో రెండు కళ్లు మెరిశాయి, నక్క ఆగి, కూర్చుని, మళ్లీ మా వైపే నడిచి 80 మీటర్ల దాకా వచ్చింది. వెనకాల గట్టు ఉంది, ఇంతకంటే సులువైన గురి ఉండదు. నేను ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకున్నాను. .243 తన్నుడు పెద్దదేం కాదు, కానీ ఆ మోత, చీకట్లో ఆ మంట, అలవాటు లేని భుజం ముందే బిగుసుకుపోయింది. తూటా నక్కకు రెండు గజాల ముందు బురదలో దిగింది.

పెద్దాయన లైటు ఆర్పేసి, "దానికి ఇవాళ చదువు చెప్పావు" అన్నాడు. అంతే, ఇంకేం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒకసారి తప్పించుకున్న నక్క లైటు కనబడితే చాలు, పరుగే.

మర్నాడు తన పాత .223 నా చేతికిచ్చి టిన్ను డబ్బాల మీద నలభై తూటాలు కాల్పించాడు. ఇరవయ్యో దానికి నా కళ్లు తెరుచుకునే ఉన్నాయి. మిలిటరీ తూటాకి చుట్టం కాబట్టి అన్నిచోట్లా దొరుకుతుంది, చవక. 55 గ్రెయిన్ల తూటా సెకనుకు 3,200 అడుగుల పైమాటే, 100 మీటర్ల దగ్గర అంగుళమున్నర పైకి తగిలేలా స్కోప్ పెట్టుకుంటే 200 మీటర్ల దాకా తూటా ఎంత కిందికి దిగుతుందో లెక్కలు వేసుకునే పనిలేదు. .22-250 ఇంకో నాలుగు వందల అడుగులు ఎక్కువే ఇస్తుంది, యూట్యూబ్‌లో కుర్రాళ్లు దాని కోసమే కొట్టుకుంటారు. మీ 40 ఎకరాలు చదరంగా ఉందనుకున్నా ఈ కంచె నుంచి ఆ కంచెకు 400 మీటర్లు, ఈలకు వచ్చే నక్క అందులో పావు దూరంలోనే ఉంటుంది. ఆ వేగంతో ఎవరిని కొడతారు?

వేగం కన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటి. చిన్న స్థలాల చుట్టూ ఇళ్లుంటాయి. నక్క వెనక గట్టో దిబ్బో లేకపోతే ఏ సైజు తూటా అయినా కాల్చకండి, కళ్లు మెరిశాయని అసలే కాల్చకండి, అవి పక్కవాళ్ల కుక్కవి కూడా కావచ్చు. చవకని చిన్న .22 రిమ్‌ఫైర్ రైఫిల్‌తో సరిపెట్టుకుందామన్నా, ఆ సీసపు గుండు నేలకు తగిలి ఎటో ఎగిరిపోతుంది. నక్కల కోసం చేసిన పలచటి తొడుగున్న .223 తూటా మట్టిలో చాలావరకు ముక్కలైపోతుంది. అలాగని దాన్ని నమ్ముకుని గట్టు మరిచిపోకండి. చెవులకు మఫ్స్ తప్పనిసరి, నా కుడి చెవి ఇప్పటికీ రాత్రిళ్లు గుయ్యిమంటుంది.

ఎవరో అడిగితే చాలు థర్మల్ స్కోప్ (చీకట్లో ఒంటి వేడిని చూపించేది) కొనమనే వాళ్లున్నారు, రైఫిల్‌కి మూడింతల డబ్బు. ముందు తూటాలు కొనండి.

.243ని డీలర్ ద్వారా అమ్మేశాను, సగానికి కాస్త పైన వచ్చింది. .223తో ఆగస్టులో రెండు నక్కలు పడ్డాయి, రెండూ ఏడాది పిల్లలు. నేను చదువు చెప్పింది మాత్రం ఈ శీతాకాలం కూడా వచ్చింది, ఎడమ ముందుకాలు కాస్త ఈడుస్తుంది కాబట్టి డ్యామ్ బురదలో దాని అడుగులు గుర్తుపడతాను.