కప్ప గుడ్ల టబ్‌లో హీటర్ పెడితే త్వరగా పొదుగుతాయా?

హీటర్ వద్దండీ. మీ అమ్మాయి ప్రాజెక్ట్‌లో పోల్చి చూడ్డానికి కొన్ని గుడ్లు ఫ్రిజ్‌లో పెడదామన్నారే, అది అంతకన్నా వద్దు. నిన్న రాత్రి వానకి మీ టెర్రస్ మీది తామర టబ్‌లో జిగురు దారాల్లో నల్లపూసల్లా గుడ్లు కనిపించాయన్నారు కాబట్టి అవి గోదురుకప్పవే (టోడ్) అయ్యుండాలి. మే నెల బెంగళూరు నీళ్ళలో అవి ఎలాగూ ఒకటి రెండు రోజుల్లో పొదిగేస్తాయి. అమ్మాయి ప్రాజెక్ట్‌కి వారం గడువుందంటున్నారు, ఇక తొందర దేనికి?

నేను ఇక్కడే ఒక కాలేజీలో జువాలజీ చెప్తాను. మ్యాంగో షవర్స్ (ఎండాకాలపు వానలు) పడ్డాయంటే మా మేడ మీద తొట్లలోనూ ఇదే గొడవ, ఇవే ప్రశ్నలు.

వెచ్చని నీళ్ళలో త్వరగా ఎదుగుతాయన్న మాట నిజమే. కప్ప పిండానికి సొంతంగా ఒంటి వేడి ఉండదు. నీళ్ళు వేడెక్కిన కొద్దీ లోపలి రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి; పది డిగ్రీలు పెరిగితే ఎదుగుదల సుమారు రెండు మూడు రెట్లవుతుంది. కానీ ఈ లెక్క ఒక హద్దు వరకే. హద్దు దగ్గరికొచ్చాక వేగం పెరగడం ఆగి పిండం చెడిపోవడం మొదలవుతుంది. ఎండాకాలంలో మన కప్పల గుడ్లు ఆ హద్దుకి మరీ దూరంగా ఏమీ ఉండవు. హీటర్ పెడితే కలిసొచ్చేది కొన్ని గంటలు, పోతే మొత్తం గుడ్లు పోతాయి.

ఫ్రిజ్ సంగతి. 1940 ప్రాంతంలో జాన్ మూర్ అనే అమెరికా శాస్త్రవేత్త అక్కడి కప్పల్లో దగ్గరి చుట్టాలైన కొన్ని రకాల గుడ్లను రకరకాల ఉష్ణోగ్రతల్లో పెంచి ఫలితాలు ప్రకటించాడు. మంచు కరిగీ కరగకముందే గుడ్లు పెట్టే వుడ్‌ఫ్రాగ్ పిండాలు రెండున్నర డిగ్రీల నుంచి 24 దాకా తట్టుకున్నాయి. వేసవిలో గుడ్లు పెట్టే బుల్‌ఫ్రాగ్‌వి 15 నుంచి 32 దాకా. అంటే మొదటిది నిక్షేపంగా ఎదిగే పది డిగ్రీల నీళ్ళలో రెండోది బతకదు. మన గోదురుకప్ప వేడి ప్రాంతాల జీవి; ఫ్రిజ్‌లోని నాలుగైదు డిగ్రీల చలి దాని గుడ్డు ఎన్నడూ ఎరగదు. చలిదేశాల కప్పలతో చేసిన ప్రయోగం చదివి అదే ఇక్కడ చేస్తే మీ అమ్మాయి చూపించాల్సింది చచ్చిన గుడ్లే.

నేను పిల్లలకి పదే పదే చెప్పేది ఇంకొకటుంది. రోజు సగటు చూసి సంబరపడితే లాభం లేదు, మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు టబ్ పైపొర ఎంతకి చేరుతుందో చూడాలి. జానెడు లోతున్న నల్ల ప్లాస్టిక్ టబ్‌లో తెల్లారేసరికి 22 చూపించిన థర్మామీటరే మధ్యాహ్నం 36 దాటడం చూశాను. పక్కనే ఉన్న లోతైన సిమెంటు తొట్టి అడుగున మాత్రం నీళ్ళు చల్లగానే ఉన్నాయి. గోదురుకప్ప రాత్రిపూట గుడ్లు పెడుతుంది కదా, మొదటి మధ్యాహ్నానికి పిండాలింకా తొలి దశల్లోనే ఉంటాయి. వేడికి అన్నిటికన్నా ఓర్వలేనివి ఆ దశలే. కణాలు చకచకా విడిపోతూ, ఆ తర్వాత పై పొర మెల్లగా పచ్చసొన మీదికి పాకి దాన్ని లోపలికి కప్పేసుకునే సమయం అది. ఈ కదలికలన్నీ ఒకదాని వెంట ఒకటి కుదురుగా సాగాలి. వేడి ఎక్కువైతే కొన్ని ముందుకు పరిగెడతాయి, కొన్ని వెనకబడతాయి. సొన పూర్తిగా కప్పుకోదు, తర్వాత వెన్నుపాము కావాల్సిన వీపు మీది గాడి మూసుకోదు. పొదిగినవాటికి కూడా తోక వంకర, పొట్టంతా నీరు. తోకకప్పలయ్యాక అవే అంతకన్నా ఎక్కువ వేడిని ఓర్చుకుంటాయి. కాబట్టి గొడుగైనా, ఆకుపచ్చ షేడ్‌నెట్ అయినా ఈ రోజే కట్టండి.

ఆక్సిజన్ కూడా చూసుకోవాలి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నర. అది సముద్రమట్టం దగ్గరి లెక్క. తొమ్మిది వందల మీటర్ల పైన ఉన్న మన ఊళ్ళో ఇంకో పదోవంతు తగ్గించుకోవాలి. అదే సమయంలో పిండానికి కావాల్సిన ఆక్సిజన్ రెట్టింపు దాకా పోతుంది. అందుకే గుడ్ల దారాలను ఒకచోట ముద్దగా వదిలేయకండి.

ప్రాజెక్ట్‌కి ఇలా చేయండి. వెడల్పు మూతి మట్టికుండ ఒకటి, తడిగుడ్డ చుట్టి నీడలో. ప్లాస్టిక్ బేసిన్ ఒకటి, బాల్కనీ నీడలో. రెండింట్లోనూ టబ్ నీళ్ళే పోసి, ఒకే దారం నుంచి తెంపిన చిన్న ముక్కలు వేయండి; మిగతావి టబ్‌లోనే ఉండనివ్వండి. ఇక్కడి పొడిగాలికి కుండ నీళ్ళు నాలుగైదు డిగ్రీలు తక్కువే ఉంటాయి, తేడా కనిపించడానికి అది చాలు. (చెన్నైలో మా అక్క కొడుకు ఇదే చేస్తానంటే వద్దన్నాను. ఆ ఉక్కలో కుండ పెద్దగా చల్లబడదు.) అమ్మాయిని గంటకోసారి ఫోన్‌తో ఫోటో తీసి పక్కన ఉష్ణోగ్రత రాసుకోమనండి. ఎప్పుడు పొదిగిందన్న ఒక్క అంకెతో పాటు ఎన్ని నిటారుగా, ఎన్ని వంకరగా వచ్చాయో కూడా లెక్కపెట్టించండి. తర్వాత తోకకప్పల్ని కూడా చూడాలనిపిస్తే, చల్లని నీళ్ళలో ఆలస్యంగా కాళ్ళొచ్చినవి సాధారణంగా పెద్ద సైజు కప్పలవుతాయి, అదీ గమనించవచ్చు.

ఆవిరై తగ్గిన నీళ్ళకి కుళాయిలో వచ్చే కావేరి నీళ్ళు పోసేట్టయితే బకెట్‌లో ఒక రోజు నిలవుంచి పోయండి, క్లోరిన్ పోతుంది. మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే మరిగిన నీళ్ళు నేరుగా పట్టొద్దు. తెల్లబడి బూజు పట్టిన గుడ్లని చెంచాతో తీసేయండి. గోదురుకప్ప గుడ్లలో విషం ఉంటుంది, ముట్టుకున్న ప్రతిసారీ అమ్మాయి చేత సబ్బుతో చేతులు కడిగించండి. ఇంట్లో కుక్క ఉంటే టబ్ మీద వల కప్పండి.