పాత డబ్బాలో కొత్త భాగాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: తెనాలిలో చిన్న డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. కంప్యూటర్ కొని పదేళ్లు దాటింది. ఇంటెల్ ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10 ఉన్నాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేస్తాను, అప్పుడప్పుడు ఫొటోషాప్ పని కూడా వస్తుంది. ఉదయం ఆన్ చేశాక టీ తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. దుకాణంలో అడిగితే దీనికి ఇక భాగాలేవీ దొరకవు, మొత్తం మార్చేయమన్నారు. 30,000 రూపాయలకు మించి పెట్టలేను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దుకాణదారు చెప్పినదాంట్లో సగమే నిజం. శుభలేఖలు చేయడానికి మీ ప్రాసెసర్ ఇప్పటికీ సరిపోతుంది. మిమ్మల్ని వెనక్కి లాగుతున్నది హార్డ్ డిస్కు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకు సెకనులో 120వ వంతు పడుతుంది. చదివే ముల్లు కావలసిన చోటికి చేరుకునే సమయం కూడా కలిపితే, అక్కడక్కడా చెదిరి ఉన్న చిన్న ముక్కలను అది సెకనుకు వంద చదివితే గొప్ప. విండోస్ మొదలయ్యేటప్పుడు చదవవలసినవి అలాంటి ముక్కలే, అవీ వేల సంఖ్యలో. తిరిగే భాగమే లేకుండా చిప్పులలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకు వేల సార్లు చేయగలదు. నమ్మకం కుదరకపోతే రేపు ఉదయం ఆన్ చేయగానే టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్కు 100 శాతం దగ్గర నిలిచిపోయి, ప్రాసెసర్ మాత్రం ఖాళీగా కనిపిస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ తెరే చెబుతుంది.

మీ బోర్డుకు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ కావాలి. సన్నని బద్దలా ఉండే ఎం.2 ఎస్‌ఎస్‌డీని అమ్మజూపితే తీసుకోకండి, ఆ కాలపు హెచ్81 బోర్డులలో దానికి చోటు ఉండదు. అడాప్టర్ కార్డు పెట్టి తగిలించినా దానినుంచి విండోస్ మొదలవ్వడానికి పాత బయాస్ (ఆన్ చేయగానే బోర్డులో ముందుగా నడిచే ప్రోగ్రాము) సాధారణంగా ఒప్పుకోదు. మరొక సంగతి కూడా ఉంది. హెచ్81 చిప్‌సెట్ ఇచ్చే నాలుగు సాటా పోర్టులలో రెండు మాత్రమే సెకనుకు 6 గిగాబిట్ల వేగం గలవి, మిగిలిన రెండూ అందులో సగం వేగంతో పనిచేస్తాయి. ఎస్‌ఎస్‌డీని వేగవంతమైన పోర్టుకే తగిలించమని దగ్గరుండి చెప్పండి. ర్యామ్ విషయానికి వస్తే, మీ బోర్డుకు డీడీఆర్3 రకమే సరిపోతుంది. డీడీఆర్4 ముక్కకు గాడి వేరేచోట ఉంటుంది కాబట్టి బలవంతంగా నొక్కినా దిగదు. ఈ రకంలో కొత్తది వెతుక్కోవలసి వస్తుంది గానీ, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెన్నాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల వాడినది దొరుకుతుంది. 8 జీబీ అయ్యేటట్లు చూసుకోండి, అంతకు మించి ఈ బోర్డు మీద ఖర్చు పెట్టకండి. ఎస్‌ఎస్‌డీని రేపు కొత్త కంప్యూటర్‌లోకి మార్చుకోవచ్చు, డీడీఆర్3 ర్యామ్ మాత్రం ఈ బోర్డుతోనే పోతుంది.

దుకాణదారు మాటలో నిజమైన సగం విండోస్‌కు సంబంధించినది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగింపు పథకంలో నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు భద్రతా సవరణలు 2026 అక్టోబరు 13 దాకా అందేటట్లు ఏర్పాటు చేశారు. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మీది 4వ తరం. దొడ్డిదారిన ఎక్కించి ఇచ్చేవారు ఉన్నారు, కానీ సవరణలు ఎప్పుడు ఆగిపోతాయో హామీ లేని పద్ధతిని వ్యాపారం నడిచే యంత్రానికి నేను సిఫారసు చేయను. పైగా డీటీపీ కేంద్రమంటే రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చుకునే చోటు.

అందువల్ల ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ, కొద్దిపాటి ర్యామ్ వేసి పని సాగించండి. మిగిలిన డబ్బును బోర్డు, ప్రాసెసర్, కొత్త ర్యామ్ కోసం దాచండి. ఆ రోజు వచ్చినప్పుడు మీ పనికి ఐ3-12100 వంటి ప్రాసెసర్ చాలు. దానిలో నాలుగు కోర్లే ఉన్నా, పేజ్‌మేకర్ వంటి పాత ప్రోగ్రాములు ఎక్కువ కోర్లను వాడుకోలేవు కనుక మీకు ఒక్కొక్క కోరు వేగమే ముఖ్యం. కొనేముందు రెండు విషయాలు చూసుకోండి. మీ మానిటర్‌కు వీజీఏ మాత్రమే ఉంటే బోర్డు వెనుక కూడా వీజీఏ ఉండాలి. మీ పాత ప్రింటర్ గానీ, సాఫ్ట్‌వేర్ తాళం గానీ వెడల్పాటి పాత ప్రింటర్ పోర్టుకు తగిలేదైతే, కొత్త బోర్డుల వెనుక ఆ పోర్టు సాధారణంగా ఉండదు. పాత యంత్రాన్ని అమ్మకుండా ఇంటర్నెట్ తీసివేసి, పాత ఫైళ్లు తెరవడానికి ఒక మూల ఉంచుకోవడం మేలు. దానికి వచ్చే ధర ఎలాగూ ఒక పెళ్లి ఆర్డరుకు కూడా సరిపోదు.

ప్రశ్న: మా అన్నయ్య 2019లో పెట్టించిన కంప్యూటర్ ఇప్పుడు నాకు వచ్చింది. రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, క్యాబినెట్‌తో పాటు వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు పాడైపోయింది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ, ఆర్‌టీఎక్స్ 3050లలో ఏది కొనాలి? ప్రాసెసర్ కూడా మార్చాలా? చదువు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, ఆటలూ ఆడతాను, కొద్దిగా వీడియో ఎడిటింగూ చేస్తాను.
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: నువ్వు అడిగిన రెండింటి కంటే ముందు, అడగని మూడోదాని గురించి చెప్పాలి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నింటికీ కరెంటు అందించే పెట్టె) పక్కనున్న చీటీని చదువు. పైన పెద్ద అక్షరాలతో ఉన్న 450ని పక్కన పెట్టి, 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో చూడు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఆ 12 వోల్టుల మీదే బతుకుతాయి. అక్కడ 14 అని ఉంటే 12ను 14తో గుణించగా వచ్చే 168 వాట్లే నీకు అక్కరకు వచ్చే శక్తి, మిగిలినది చీటీ మీది అలంకారం. మంచి తయారీదారు చేసిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ దాదాపు ఆ మొత్తాన్నీ 12 వోల్టుల మీదే ఇవ్వగలదు. 80 ప్లస్ ముద్ర ఉన్నదే కొనడం మంచిది. అయితే ఆ ముద్ర గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా అందుతుందో చెబుతుందే తప్ప, లోపలి రక్షణలన్నీ సరిగా ఉన్నాయని హామీ ఇవ్వదు. పాత కార్డు పాడవడానికి కారణం ఈ ఎస్‌ఎంపీఎస్సే అయి ఉంటుందని నేను చెప్పలేను, కానీ దానిని మార్చకుండా కొత్త కార్డు తగిలించడానికి నా చేయి మాత్రం రాదు.

ఇక కార్డులు. 6500 ఎక్స్‌టీని నీ బోర్డు మీద పెట్టవద్దు. ఆ కార్డు బోర్డుతో సమాచారం మార్చుకునే దారులు, అంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు, నాలుగు మాత్రమే వాడుకునేటట్లు తయారైంది. 4.0 తరం బోర్డు మీద ఆ నాలుగే సరిపోవచ్చు గానీ, నీ బీ450 మీద 3.0 తరం వేగమే వస్తుంది కనుక దారి సగానికి ఇరుకవుతుంది. దాని 4 జీబీ మెమరీ నిండిపోయిన ఆటలలో ఆ ఇరుకు కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. పైగా వీడియోను కుదించే హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ దానిలో లేదు, కాబట్టి నీ ఎడిటింగ్ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతో మాత్రం ఒకటి కంటే ఎక్కువ కార్డులు ఉన్నాయని గుర్తుంచుకో. మొదట వచ్చిన 8 జీబీ కార్డు 130 వాట్లు తీసుకుంటుంది, దానికి ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే తీగ కావాలి. 2024లో వచ్చిన 6 జీబీ కార్డు 70 వాట్లే తీసుకుంటుంది. స్లాటు నుంచే 75 వాట్ల దాకా అందుతుంది కనుక ఆ రకం కార్డులలో చాలావాటికి వేరే తీగ అక్కర్లేదు. అయితే అది 8 జీబీ కార్డు కంటే నెమ్మది. పేరు ఒకటే కదా అని తక్కువ ధర చూసి 6 జీబీ కార్డు తెచ్చుకుని తరువాత బాధపడినవారు ఉన్నారు, కాబట్టి బిల్లు మీద మెమరీ ఎంతో కూడా రాయించు. కొత్త ఎస్‌ఎంపీఎస్ ఎలాగూ కొంటున్నావు కనుక నా మొగ్గు 8 జీబీ వైపే.

ప్రాసెసర్ ఇప్పుడే మార్చనక్కర్లేదు. ప్రాసెసర్ కూర్చునే నీ ఏఎం4 సాకెట్‌లో ఉన్న సుఖమేమిటంటే, రేపెప్పుడైనా ఇదే బోర్డులో, ఇదే ర్యామ్‌తో రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. రెండూ 65 వాట్లవే, రెండింటిలోనూ ఆరు కోర్లే, కానీ మధ్యలో రెండు తరాల మెరుగుదల ఉంది. ఒకే జాగ్రత్త: పాత ప్రాసెసర్ ఉండగానే బోర్డు తయారీదారు వెబ్‌సైటు నుంచి కొత్త బయాస్ ఎక్కించాలి. ముందు ప్రాసెసర్ మార్చేసి, ఆ తరువాత బయాస్ సంగతి తలచుకుంటే తెర నల్లగానే ఉండిపోతుంది. బయాస్ ఎక్కించేటప్పుడు కరెంటు పోకూడదు, కాబట్టి కోతల వేళ చూసుకుని ఆ పని పెట్టుకో.

ప్రశ్న: మా అమ్మాయి చదువు కోసం అన్నీ విడిగా కొని కంప్యూటర్ పెట్టించాము. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి, తెర మీద మాత్రం ఏమీ రావడం లేదు. ప్రాసెసర్ ఐ5-12400ఎఫ్. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదని కొనలేదు. సీపీయూ పాడైనదే ఇచ్చారా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: ఏదీ పాడైపోలేదండీ. పేరు చివర ఉన్న ఎఫ్ అనే అక్షరమే కారణం. ఆ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో తెరకు బొమ్మ పంపే భాగం పనిచేయదు. బోర్డు వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా దానిలోకి వచ్చేది ఏమీ ఉండదు. ఎఫ్ లేని ఐ5-12400కు మార్చి ఇమ్మని అడగండి, సాకెట్ అదే కనుక మిగిలినవేవీ మార్చనక్కర్లేదు. ఏఎండీలోనూ ఇదే తిరకాసు ఉంది: రైజెన్ 5 5600లో ఆ భాగం లేదు, 5600జీలో ఉంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా వాడబోతున్నారు కనుక ర్యామ్ 16 జీబీ ముక్క ఒకటి కాకుండా 8 జీబీవి రెండు వేయించండి. బొమ్మ గీసే భాగం కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు ముక్కలు ఉంటే దానికి రెండు దారులు తెరుచుకుంటాయి. డీడీఆర్4-3200 రకంలో ఒక దారికి సెకనుకు 25.6 గిగాబైట్లు, రెండు దారులకు 51.2.

ప్రశ్న: కొత్త కంప్యూటర్, 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు కొన్నాము. పాత 600 వీఏ యూపీఎస్ బాగానే ఉంది కదా అని అదే ఉంచాము. కరెంటు పోగానే కంప్యూటర్ కూడా ఆగిపోతోంది. దుకాణం వారు ఎస్‌ఎంపీఎస్‌లో లోపం అంటున్నారు.
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ముందుగా అనుమానించవలసినది యూపీఎస్‌ను. 600 వీఏ అంటే 600 వాట్లు కావు, ఈ తరగతి యూపీఎస్‌లు ఇవ్వగలిగేది సాధారణంగా 360 వాట్లు. ఆట నడుస్తున్నప్పుడు కంప్యూటర్, మానిటర్ కలిసి ఆ హద్దు దగ్గరికి చేరవచ్చు. లోపలి బ్యాటరీ చాలావరకు 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్లది, అంటే నిండుగా ఉన్నప్పుడు 84 వాట్ అవర్లు. 150 వాట్ల భారానికే అది పది పదిహేను నిమిషాలు నిలిస్తే గొప్ప, రెండు మూడేళ్లు వాడిన బ్యాటరీ అయితే అదీ ఉండదు. రెండో కారణం కొంచెం చిత్రమైనది. చవక యూపీఎస్ బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇచ్చే కరెంటు నునుపైన తరంగంలా కాకుండా మెట్లు మెట్లుగా ఉంటుంది. కరెంటును సమంగా లాగే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే ఏర్పాటు ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్నింటికి అది గిట్టదు. పాత నాసిరకానిది కిక్కురుమనకుండా నడిచిన చోట కొత్త మంచిది అలిగి ఆగిపోవడం ఇందువల్లనే.

పరీక్ష సులభం. ఆటలేవీ తెరవకుండా, కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు యూపీఎస్ ప్లగ్గు స్విచ్ ఆపి చూడండి. అప్పుడు నిలబడి, ఆట సమయంలో మాత్రమే ఆగితే సామర్థ్యం చాలడం లేదని అర్థం. ఖాళీగా ఉన్నా ఆగిపోతే బ్యాటరీ గానీ, ఆ మెట్ల కరెంటు గానీ కారణం కావచ్చు. కొత్త బ్యాటరీతోనూ ఆగితే 1000 వీఏ, స్వచ్ఛమైన సైన్ వేవ్ ఇచ్చే యూపీఎస్‌కు మారండి. లేజర్ ప్రింటర్‌ను మాత్రం ఏ యూపీఎస్‌కూ తగిలించకండి, అది వేడెక్కే క్షణంలో లాగే కరెంటు మిగిలిన అన్నింటినీ పడగొడుతుంది.

ప్రశ్న: ర్యామ్ ధరలు ఇంతగా ఎందుకు పెరిగాయి? తగ్గేదాకా ఆగాలా, వాడినది కొనవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ప్రపంచంలోని ర్యామ్ చిప్పులలో అత్యధిక భాగాన్ని సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలే తయారుచేస్తాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వైపు వారి ఉత్పత్తి మళ్లడంతో 2025 చివరి నెలల్లో మన వంటి కొనుగోలుదారులకు మిగిలేది తగ్గింది. మైక్రాన్ అయితే సామాన్యులకు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. ధర ఎప్పుడు దిగుతుందని జోస్యం చెప్పను. మీ దగ్గర ఇప్పటికే డీడీఆర్4 ర్యామ్ ఉంటే దానిని వదులుకోకండి, దానికి తగిన ఏఎం4 బోర్డునో, ఎల్‌జీఏ1700 అనే ఇంటెల్ సాకెట్‌లో డీడీఆర్4 రకం బోర్డునో ఎంచుకోండి. ఎల్‌జీఏ1700 బోర్డులు రెండు రకాల ర్యామ్‌లకూ విడివిడిగా వస్తాయి కనుక పెట్టె మీద చూసి మరీ కొనండి. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5కు వెళ్లారంటే డీడీఆర్5 తప్పదు.

వాడిన ర్యామ్ కొనవచ్చు. తిరిగే భాగాలు లేని వస్తువు కనుక వాడిన హార్డ్ డిస్కు కంటే, వాడిన ఎస్‌ఎంపీఎస్ కంటే దానిలో ప్రమాదం తక్కువ. వారం రోజుల్లో మార్చి ఇస్తామన్న మాట బిల్లు మీద రాయించుకోండి. ఇంటికి తెచ్చిన రాత్రే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, తెల్లవార్లూ నడవనిచ్చి చూడండి. ఒక్క ఎర్ర గీత కనిపించినా తెర ఫొటో తీసుకుని మరునాడే దుకాణానికి తీసుకువెళ్లండి.